ఒక్కో సరస్సుకు ఒక్కో ఉప్పు ఎందుకు?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎనిమిది ఉప్పు సరస్సుల గురించే అడిగాయి. వేర్వేరు ఊళ్ళవారు, వేర్వేరు వృత్తులవారు రాసినవే అయినా అన్నీ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి: నీరు ఆవిరైపోయాక వెనక మిగిలేది ఏమిటి, అదే ఎందుకు మిగులుతుంది? అందుచేత ఈసారి తక్కిన ప్రశ్నలను పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. రెండవ జవాబు పెద్దది. తరువాతివి చాలావరకు దాని మీద ఆధారపడినవి కనుక వరుసగా చదవవలసిందిగా కోరుతున్నాను.

ప్రశ్న: రాజస్థాన్ యాత్రలో సాంభర్ సరస్సు చూశాము. కనుచూపు మేర ఉప్పు మళ్ళే. పూర్వం అక్కడ సముద్రం ఉండేదని, అది ఎండిపోగా మిగిలిన ఉప్పు అదేనని ఒకరు చెప్పారు. నిజమేనా? (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఎండిపోయిన సముద్రం కథను చాలా ఉప్పు సరస్సుల గురించి చెబుతారు. సాంభర్ విషయంలో అది నిలవదు. ఎందుకు నిలవదో ఆ నీరే చెబుతుంది. సముద్రపు నీటిలో మామూలు ఉప్పుతో పాటు కిలోకు సుమారు 1.3 గ్రాముల మెగ్నీషియం, 0.4 గ్రాముల కాల్షియం ఉంటాయి. సముద్రపు ముక్క ఒకటి తెగిపోయి ఎండితే మెగ్నీషియం చివరిదాకా నీటిలోనే ఉండి, మిగిలిన ఆ కాస్త నీటినీ నోట పెట్టలేనంత చేదుగా చేస్తుంది. సాంభర్ నీటిలో ఈ రెండూ లేనట్టే. వాటికి బదులు సోడియం సల్ఫేటు, సోడియం కార్బొనేటు ఉన్నాయి. సముద్రపు నీటిని ఎంత మరగబెట్టినా సోడియం కార్బొనేటు మిగలదు.

మరి ఉప్పు ఎక్కడిది? ఏటి నీటిది. మంచినీరు అని మనం అనుకునే ఏటి నీటిలో కూడా లీటరుకు సుమారు 100 మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉంటాయి. నాలుకకు తెలియదు, అంతే. మామూలు ఏరు వాటిని సముద్రానికి చేరవేస్తుంది. సాంభర్‌కు ఉత్తరం నుంచి మేంధా, దక్షిణం నుంచి రూపన్‌గఢ్ ఏర్లు వచ్చి కలుస్తాయి గాని, అక్కడి నుంచి బయటికి పోయే దారి లేదు. ఏడాదికి సుమారు 500 మిల్లీమీటర్ల వాన కురిసే ఆ చోట ఎండకు ఆవిరి కాగల నీరు దానికి ఎన్నో రెట్లు. నీరు పైకి పోతుంది, లవణం కింద ఉండిపోతుంది. ఒక చిన్న లెక్క వేసి చూడండి. చదరపు మీటరు మేర ఏటా ఒక మీటరు లోతు నీరు ఆవిరైతే అది 1,000 లీటర్లు. వెనక మిగిలే లవణం 100 గ్రాములు. పదివేల ఏళ్ళకు అదే చదరపు మీటరు మీద ఒక టన్ను అవుతుంది, చదరపు కిలోమీటరు మీద పది లక్షల టన్నులు. భూమి వయసుతో పోలిస్తే పదివేల ఏళ్ళు ఏపాటివి!

ఆ ఏటి నీటిలోకి లవణాలు రెండు దారుల్లో చేరతాయి. గాలిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొన్న వాన నీరు చాలా బలహీనమైన ఆమ్లం. అది రాళ్ళలోని ఫెల్డ్‌స్పార్ వంటి ఖనిజాలను మెల్లగా కొరికి, సోడియాన్ని, కాల్షియాన్ని, వాటితో పాటు బైకార్బొనేటును నీటిలోకి వదిలి, మిగతాదాన్ని బంకమట్టిగా మారుస్తుంది. కానీ రాళ్ళలో క్లోరైడు చాలా తక్కువ. అది ప్రధానంగా సముద్రపు తుంపరల నుంచి గాలిలోకి లేచి, వానతో దిగివచ్చేది. సాంభర్ ఉప్పు కచ్ఛ్ రణ్ నుంచి వేసవి గాలులు మోసుకొచ్చిన ధూళి అని హాలెండ్, క్రిస్టీ అనే ఇద్దరు భూగర్భ శాస్త్రవేత్తలు 1909లో వాదించారు. గాలి పాత్ర కొంత ఉండవచ్చు గాని, వాననీరు, ఏటినీరు వేల ఏళ్ళుగా ఆవిరవుతూ రావడమే అసలు కారణమన్న తరువాతి వివరణ నాకు సబబుగా కనిపిస్తుంది.

కొల్లేరు మాట కూడా మీరు ఉత్తరం చివర అడిగారు. దానికి ఉప్పుటేరు ద్వారా సముద్రంలోకి దారి ఉంది. వచ్చిన లవణం వచ్చినట్టే పోతుంది కనుక అది మంచినీటి సరస్సుగానే ఉంది. వేసవిలో అక్కడ ఉప్పదనం కనిపిస్తే అది ఉప్పుటేరు మీదుగా సముద్రం ఎగదన్నడం వల్ల వచ్చినది. సాంభర్ ఉప్పు వంటిది కాదు.

ప్రశ్న: మహారాష్ట్రలోని లోనార్ సరస్సు, రాజస్థాన్‌లోని సాంభర్, ఇజ్రాయెల్, జోర్డాన్‌ల మధ్య ఉన్న మృత సముద్రం మూడూ బయటికి దారి లేని సరస్సులే. మూడింటిలోనూ నీరు ఆవిరవుతుంది. అయినా ఒకదానిలో సోడా, ఒకదానిలో ఉప్పు, ఒకదానిలో కాల్షియం, మెగ్నీషియం క్లోరైడులు ఎందుకు? (వరంగల్ నుంచి డిగ్రీ విద్యార్థి)

జవాబు: ఉప్పు సరస్సుల శాస్త్రానికి ప్రాణం వంటి ప్రశ్న ఇది. దీనికి స్పష్టమైన జవాబును లారెన్స్ హార్డీ, హాన్స్ యూగ్‌స్టర్ అనే శాస్త్రవేత్తలు 1970లో ఇచ్చారు. వారి మాటను మన కాడెద్దుల లెక్కలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

కాడికి ఎడమ వైపు కట్టేది దాపటి ఎద్దు, కుడి వైపు కట్టేది వెలపటి ఎద్దు. ఒక ఊళ్ళో 11 దాపటి ఎద్దులు, 10 వెలపటి ఎద్దులు ఉన్నాయనుకోండి. జత కుదిరిన ఎద్దులు ఊరు దాటి వెళ్ళిపోతాయి, తిరిగి రావు. మొదట చూస్తే రెండు రకాలూ సమానంగానే ఉన్నట్టు కనిపిస్తుంది. తొమ్మిది జతలు వెళ్ళిపోయాక మిగిలేవి రెండు దాపటివి, ఒక వెలపటిది. అంటే ఒకటికి రెండు. పదో జత కూడా పోయాక ఊళ్ళో ఉన్నది దాపటి ఎద్దు ఒక్కటే. మళ్ళీ ఏడాది ఇంకో 11, ఇంకో 10 వస్తే ఇంకొక దాపటిది మిగులుతుంది. వందేళ్ళకు ఆ ఊళ్ళో వంద దాపటి ఎద్దులు ఉంటాయి, వెలపటిది ఒక్కటీ ఉండదు.

సరస్సులో మొదట జత కట్టేవి కాల్షియం, కార్బొనేటు. ఆ జత పేరు కాల్షియం కార్బొనేటు, అంటే మన సుద్ద, సున్నపురాయి. ఇదే ముందు ఎందుకంటే నీటిలో కరిగే గుణం దీనికే అతి తక్కువ. స్వచ్ఛమైన లీటరు నీటిలో సుమారు 14 మిల్లీగ్రాములు మాత్రమే కరుగుతుంది. దాని తరువాతి వంతు జిప్సానిది, అంటే కాల్షియం సల్ఫేటుది, లీటరుకు రెండున్నర గ్రాములకు కాస్త తక్కువ. మామూలు ఉప్పు సుమారు 360 గ్రాముల దాకా కరుగుతుంది. అందుచేత నీరు తగ్గుతున్నకొద్దీ ముందు సున్నం, తరువాత జిప్సం, ఆ తరువాత ఉప్పు దిగుతాయి.

ఇప్పుడు లోనార్ చూడండి. బుల్డాణా జిల్లాలో, దక్కన్ బసాల్టు రాతిలో, ఉల్కాపాతం తవ్విన గొయ్యి అది. అంచు నుంచి అంచుకు సుమారు 1.8 కిలోమీటర్లు. ఆ గొయ్యి వయసు సుమారు 5 లక్షల 70 వేల ఏళ్ళని 2011లో ప్రచురించిన ఆర్గాన్ పరీక్షలు తేల్చాయి. బసాల్టును కొరికి వచ్చే ఊటనీటిలో కాల్షియం, మెగ్నీషియం, సోడియం, వాటికి జతగా బైకార్బొనేటు ఉంటాయి. విద్యుదావేశాల లెక్కన చూస్తే అక్కడ కాల్షియం, మెగ్నీషియంల కన్నా బైకార్బొనేటుదే పైచేయి. కాల్షియం అంతా సున్నమై అడుగుకు చేరుతుంది. మెగ్నీషియం కొంత కార్బొనేటుగానూ కొంత బంకమట్టిలోనూ చిక్కుకుంటుంది. జత దొరకని కార్బొనేటు సోడియంతో కలిసి నీటిలో నిలిచిపోతుంది. అదే సోడా. లోనార్ నీటి పీహెచ్ సుమారు 10 ఉండడానికి కారణం ఇదే. వేసవిలో ఒడ్డున తేలే తెల్లని పెచ్చులలో ట్రోనా అనే సోడా ఖనిజం దొరుకుతుంది. సబ్బుకు, గాజుకు కావలసిన సరుకు లోనార్‌లో పుడుతుందని అక్బరు కాలం నాటికే రాసిపెట్టారు. అక్కడ మామూలు ఉప్పు కూడా తక్కువేమీ లేదు; క్లోరైడుతో జతకట్టి తొందరగా అడుగుకు దిగేది ఏదీ లేదు కనుక అది కూడా పేరుకుంటూనే ఉంటుంది.

మృత సముద్రంలో తూకం రెండో వైపుకు ఒరిగింది. అక్కడ మొదటి జతలో మిగిలింది కాల్షియం. అది తరువాత సల్ఫేటుతో జతకట్టి జిప్సంగా దిగింది. ఆ జతలో కూడా కాల్షియమే మిగిలింది, సల్ఫేటు దాదాపు ఖాళీ అయింది. అందుకే ఆ నీరు సోడియం, కాల్షియం, మెగ్నీషియం క్లోరైడుల చిక్కటి ద్రావణం. కిలో నీటిలో సుమారు 340 గ్రాముల లవణం ఉంటుంది. మామూలు సముద్రంలో అది 35 గ్రాములు. సాంభర్ లోనార్ దారిలోనే నడిచింది గాని, అక్కడికి చేరిన క్లోరైడు ఎంతో ఎక్కువ కావడంతో ఉప్పు ముందుకు వచ్చి, సోడా, సల్ఫేటు వెనక్కు తగ్గాయి.

రెండు నదుల మధ్య గట్టు మీద పడిన వాన చినుకు అటు ఒక జానెడు పడితే ఒక నదికి, ఇటు ఒక జానెడు పడితే ఇంకో నదికి పోయినట్టే, నీటిలోని ఆ తొలి కొద్దిపాటి తేడాయే సరస్సు దారిని నిర్ణయిస్తుంది. అందుకే హార్డీ, యూగ్‌స్టర్ దీనిని రసాయన విభాజకం అన్నారు. ఎండ ఎంత కాసినా ఆ దారిని మార్చదు, దాన్ని చివరిదాకా నడిపిస్తుంది. సరస్సు గుణాన్ని తెలుసుకోవాలంటే ముందు సరస్సును కాదు, దానిలోకి వచ్చే ఊటను, ఆ ఊట పుట్టిన రాతిని పరీక్షించాలని నేను నా విద్యార్థులకు చెబుతూ వచ్చింది ఇందుకే.

ప్రశ్న: సరస్సు అడుగున ఉన్న మట్టిని తవ్వి వేల ఏళ్ళ కిందటి కరువులను చెప్పవచ్చునని చదివాను. మట్టికి వాన సంగతి ఎలా తెలుస్తుంది? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పై జవాబులోని వరుసే ఇక్కడ ఆధారం. సున్నం మాత్రమే దిగిన పొర ఉంటే ఆ కాలంలో సరస్సులో నీరు పుష్కలంగా ఉన్నదని, జిప్సం గాని ఉప్పు గాని దిగిన పొర ఉంటే నీరు బాగా తగ్గిపోయిందని అర్థం. రాజస్థాన్‌లోనే ఉన్న డీడ్వాణా సరస్సు అడుగున ఉప్పు స్ఫటికాలున్న పొరలు సుమారు 20 వేల నుంచి 13 వేల ఏళ్ళ కిందటివి. అది చివరి హిమయుగపు పొడి కాలం. ఆ పైన ఉన్న పొరలలో మంచినీటి గుర్తులు కనిపిస్తాయి.

లోనార్‌లో ఈ పనికి గేలుస్సైట్ అనే ఖనిజం ఉపయోగపడింది. ఇది సోడియం, కాల్షియంల జంట కార్బొనేటు, తనలో నీటిని కూడా పట్టి ఉంచుకుంటుంది. సోడా బాగా చిక్కబడినప్పుడు, అంటే సరస్సు బాగా కుంచించుకుపోయినప్పుడే ఇది పుడుతుంది. లోనార్ బురదలో సుమారు 4,600 నుంచి 3,900 ఏళ్ళ కిందటి పొరలలోను, సుమారు 2,000 నుంచి 600 ఏళ్ళ కిందటి పొరలలోను గేలుస్సైట్ స్ఫటికాలు దొరికాయి. మొదటిది సింధు నాగరికత పట్టణాలు క్షీణించిన కాలానికి దగ్గరగా ఉండడం వల్ల చరిత్రకారులు కూడా దీనిని ఆసక్తితో చూస్తున్నారు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఈ స్ఫటికం మంచినీటిలో నిలవదు. సోడియం కరిగిపోయి సున్నం మాత్రం మిగులుతుంది. కనుక ఒక పొరలో అది లేనంత మాత్రాన ఆ కాలంలో కరువు లేదనడానికి వీలులేదు.

ప్రశ్న: మా రెండెకరాలు కారు చౌడు పట్టింది. జిప్సం వేయమని వ్యవసాయాధికారులు అంటున్నారు. జిప్సం కూడా ఒక ఉప్పేనట గదా! ఉప్పు పట్టిన నేలకు ఇంకో ఉప్పు వేయడం ఏమిటి? (పల్నాడు నుంచి ఒక రైతు)

జవాబు: మీ సందేహం న్యాయమైనది, కానీ అధికారులు చెప్పినది సరైన మాట. కారు చౌడు అంటే లోనార్ సరస్సులో జరిగినదే మీ పొలంలో చిన్న ఎత్తున జరగడం. నీటిలో కాల్షియం కన్నా బైకార్బొనేటు ఎక్కువై, కాల్షియం సున్నపు గుళ్ళలుగా మట్టిలో దిగిపోగా, సోడియం ఒంటరిగా మిగిలి బంకమట్టి రేణువులను పట్టుకుంటుంది. సోడియం పట్టిన రేణువులు ఒకదానికొకటి అతుక్కోకుండా విడిపోయి, నేలలోని సన్నని రంధ్రాలన్నిటినీ పూడ్చివేస్తాయి. అందుకే నీరు ఇంకదు, ఎండితే నేల రాయిలా బిగుస్తుంది. క్షారానికి నేలలోని కుళ్ళిన ఆకు, అలం కరిగి పైకి తేలడం వల్ల ఆ నల్లని రంగు, దానివల్లనే కారు అన్న పేరు.

జిప్సం వేయడం అంటే పోయిన వెలపటి ఎద్దులను మళ్ళీ ఊళ్ళోకి తోలుకురావడం. అందులోని కాల్షియం బంకమట్టి మీద సోడియం స్థానాన్ని ఆక్రమిస్తుంది. వెళ్ళగొట్టబడిన సోడియం సల్ఫేటుతో కలిసి నీటిలో తేలికగా కరుగుతుంది. కానీ అక్కడితో పని సగమే అయినట్టు. ఆ కరిగిన సోడియం సల్ఫేటును మంచినీటితో కడిగి మురుగుకాలువ ద్వారా పొలం బయటికి పంపాలి. నీరు పోయే దారి లేకుండా జిప్సం ఎంత వేసినా అది ఆ మడిలోనే మిగిలిపోతుంది. పాల చౌడు సంగతి వేరు; అక్కడ ఉన్నవి తేలికగా కరిగే తటస్థ లవణాలు గనుక నీటితో కడిగితే చాలు, జిప్సం అక్కరలేదు. రెండిట్లో మీది ఏదో, ఎకరానికి ఎంత వేయాలో మట్టి పరీక్ష చేయించాకే నిర్ణయించుకోండి.

ఇదే లెక్క తాగునీటికి కూడా వర్తిస్తుంది కనుక చెప్పక తప్పదు. ఫ్లోరైడును అదుపులో ఉంచేది కాల్షియమే. రెండూ కలిస్తే కాల్షియం ఫ్లోరైడుగా దిగిపోతుంది. బైకార్బొనేటు కాల్షియాన్ని ముందే తినేస్తే ఫ్లోరైడును ఆపేవారు ఉండరు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి 1937లో ప్రకటించినది పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల నుంచే. నల్లగొండ బాధ అందరికీ తెలిసినదే. అక్కడి గ్రానైటులో ఫ్లోరైడు ఉండడం ఒక కారణం, ఆ నీటిలో కాల్షియం తక్కువై క్షారం ఎక్కువ కావడం రెండవ కారణం. కెన్యా, టాంజానియాల సోడా సరస్సులలో ఫ్లోరైడు విపరీతంగా పేరుకున్నది కూడా ఇందువల్లనే. అక్కడ చిక్కుళ్ళు త్వరగా ఉడకడానికి మగాడి అనే సరస్సు సోడాను వంటలో వేస్తారు. దానితో ఫ్లోరైడు కూడా ఒంట్లోకి చేరుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ఆ బోరు నీరు తాగవద్దు. బోరు నీటిలో సబ్బు బాగా నురగ వస్తున్నదా అన్నదాన్ని బట్టి అది మంచిదని నిర్ణయించడం ఈ విషయంలో ప్రమాదం. సబ్బు బాగా నురగ వచ్చే నీరంటే కాల్షియం తక్కువ ఉన్న నీరే.

ప్రశ్న: మా ఇంట మూడు తరాలుగా బంగారు పని. అతుకు పెట్టడానికి వాడే వెలిగారం పూర్వం హిమాలయాల అవతలి నుంచి వచ్చేదని మా తాతగారు అనేవారు. అది కొండల్లో తవ్వే రాయా? (మచిలీపట్నం నుంచి ఒక స్వర్ణకారుడు)

జవాబు: మీ తాతగారి మాట నిజం. వెలిగారం కొండరాయి కాదు, సరస్సు ఒడ్డున పేరుకునేది. టిబెట్ పీఠభూమి సరస్సుల ఒడ్డున ఏరి, గొర్రెల, మేకల మీద మూటలు వేసి కనుమలు దాటించి మన బజార్లకు తెచ్చేవారు. సంస్కృతంలో దీని పేరు టంకణం. ముడిసరుకుకు ఐరోపా వర్తకులు వాడిన టింకాల్ అన్న మాట కూడా ఆ కుటుంబానిదే. లద్దాఖ్‌లోని పూగా లోయలో వేడినీటి బుగ్గల చుట్టూ ఇప్పటికీ వెలిగారం తెల్లగా పూస్తుంది.

ఇందులోని బోరాన్ మామూలు ఏటినీటిలో అతి స్వల్పం. లోతుల నుంచి పొంగే వేడినీటి బుగ్గలు దానిని తెచ్చి సరస్సులో పోయాలి, ఆ సరస్సు కాల్షియం ఖాళీ అయిన సోడా సరస్సు కావాలి, వాతావరణం పొడిగా ఉండాలి. కాల్షియం మిగిలి ఉంటే బోరాన్ దానితో కలిసి వేరే ఖనిజమవుతుంది గాని వెలిగారం కాదు. ఈ మూడూ కలిసిన చోట్లు లోకంలో కొద్ది. నేడు మార్కెట్లో దొరికే వెలిగారంలో చాలా భాగం టర్కీ, కాలిఫోర్నియా గనులది. ఆ గనులు కూడా కోటిన్నర ఏళ్ళకు పైబడిన పాత సరస్సుల అడుగులే. మీరు వెలిగారాన్ని నిప్పు మీద పొంగించేటప్పుడు లేచే ఆవిరి దాని స్ఫటికంలో ఉన్న నీరు. బరువులో దాదాపు సగం నీరే. ఆ నీటిని కోల్పోకుండా ఉంచాలంటే మూత గట్టిగా బిగించిన సీసాలో పెట్టండి, లేకపోతే పైన తెల్లని పొడి కడుతుంది.

ప్రశ్న: 2020లో లోనార్ నీరు గులాబీ రంగుకు మారింది. ఏ ఖనిజం వల్ల? (నిజామాబాద్ నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: ఖనిజం వల్ల కాదు. ఉప్పు చిక్కబడినప్పుడు మాత్రమే విరివిగా పెరిగే ఆర్కియా అనే సూక్ష్మజీవుల ఒంటి రంగు అది. పుణెలోని అగర్కర్ పరిశోధన సంస్థ ఆ నీటిని పరీక్షించి తేల్చింది. సాంభర్ ఉప్పు మళ్ళలో కనిపించే ఎరుపుకు వీటితో పాటు డునలియెల్లా అనే నాచు కూడా కారణం. ఎర్రబడిన నీరు ఎండ వేడిమిని ఎక్కువగా పట్టుకుంటుంది కనుక త్వరగా ఆవిరవుతుంది, ఉప్పు త్వరగా దిగుతుంది.

ప్రశ్న: మేము అమెరికాలో యూటా రాష్ట్రంలో ఉంటున్నాము. ఇక్కడి గ్రేట్ సాల్ట్ లేక్ ఒడ్డున చలికాలంలో తెల్లని మెట్లు మెట్లుగా దిబ్బలు లేచాయి, ఎండలు రాగానే పొడిగా రాలిపోయాయి. ఎండకు ఉప్పు పేరుకోవాలి గాని చలికి పేరుకోవడం ఏమిటి? (సాల్ట్ లేక్ సిటీ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీరు చూసినది ఉప్పు కాదు, మిరాబిలైట్ అనే సోడియం సల్ఫేటు. 2019 చలికాలం నుంచి ఆ దిబ్బలు అక్కడి రాష్ట్ర ఉద్యానవనం దగ్గర చాలామంది కంటపడ్డాయి. ఉప్పు తీరు వేరు, దీని తీరు వేరు. 100 గ్రాముల నీటిలో ఉప్పు సున్నా డిగ్రీల దగ్గర 35.7 గ్రాములు, మరిగే నీటిలో 39 గ్రాములు కరుగుతుంది. చలీ వేడీ దానికి ఇంచుమించు ఒకటే, నీరు పోతేనే అది దిగుతుంది. సోడియం సల్ఫేటు సున్నా డిగ్రీల దగ్గర 5 గ్రాములకు మించి కరగదు, 32 డిగ్రీల దగ్గర 50 గ్రాముల దాకా కరుగుతుంది. అంటే ఒక్క చుక్క నీరు ఆవిరి కాకపోయినా చల్లబడితే చాలు, అది స్ఫటికమై బయటపడుతుంది.

మీ సరస్సు మట్టం తగ్గి ఒడ్డు బయటపడడంతో, అంతవరకు నీటి అడుగున ఉన్న సల్ఫేటు ఊటలు చలిగాలికి ఎదురుపడ్డాయి. ఊరిన నీరు ఊరినట్టే గట్టిపడి మెట్టు మీద మెట్టుగా పేరుకుంది. మిరాబిలైట్ బరువులో సగానికి పైగా, సుమారు 56 శాతం, నీరే. గాలి వెచ్చబడి పొడిబారితే ఆ నీరు పోయి థెనార్డైట్ అనే పొడి మిగులుతుంది. ఆ దిబ్బలు చాలా పెళుసు. దయచేసి వాటిమీద పిల్లలను నడవనివ్వకండి.

ప్రశ్న: మా బడి పిల్లలను నౌపడ ఉప్పు మళ్ళకు తీసుకువెళ్ళాను. నీటి మీద తేలుతున్న చిన్న చిన్న గిన్నెల వంటి ఉప్పు పలుకులు చూసి అవి ఎలా పుడతాయని అడిగారు. తరగతిలో చేసి చూపవచ్చునా? (శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: తప్పకుండా చూపవచ్చు. ముందు మళ్ళ సంగతి చెప్పండి. ఉప్పు మళ్ళు సముద్రపు నీటిని వరుసగా చిక్కబరిచే చిన్న సరస్సులే. 1849లో ఉసిగ్లియో అనే శాస్త్రజ్ఞుడు మధ్యధరా సముద్రపు నీటిని ఆవిరి చేస్తూ ఏది ఎప్పుడు దిగుతుందో కొలిచి చూశాడు. మొదట సున్నం దిగింది. నీరు ఐదో వంతుకు తగ్గేసరికి జిప్సం, పదో వంతుకు తగ్గేసరికి ఉప్పు దిగాయి. నౌపడలో మీరు చూసిన వేర్వేరు మళ్ళకు కారణం ఇదే: సున్నాన్ని, జిప్సాన్ని ముందరి మళ్ళలో వదిలించుకొని, నీటి చిక్కదనం 25 బోమే డిగ్రీలకు వచ్చాక దానిని ఉప్పు దిగే మడిలోకి మళ్ళిస్తారు. 29, 30 డిగ్రీలు దాటాక మిగిలిన చేదు నీటిని తీసివేయకపోతే అందులోని మెగ్నీషియం క్లోరైడు ఉప్పుకు అంటుకుంటుంది. వానాకాలంలో మన ఇళ్ళలో కల్లుప్పు చెమర్చేది దానివల్లనే; శుద్ధమైన సోడియం క్లోరైడు అంతగా చెమర్చదు.

ఉప్పు స్ఫటికం సహజంగా ఘనాకారం. నెమ్మదిగా పెరిగితే ఆరు ముఖాలూ సమంగా నిండుతాయి. కానీ ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు నీటి పైపొర తక్కిన నీటికన్నా వేగంగా చిక్కబడుతుంది. అక్కడ పుట్టిన చిన్న ఘనం నీటి తలతన్యత మీద తేలుతూ, చుట్టూ ఉన్న ద్రావణానికి బాగా దగ్గరగా ఉన్న అంచుల వద్ద త్వరగా, నడుమ ఆలస్యంగా పెరుగుతుంది. బరువుకు కొంచెం కిందికి కుంగుతుంది, నీటి మట్టానికి మళ్ళీ కొత్త అంచు కట్టుకుంటుంది. ఇలా మెట్టు మెట్టుగా విచ్చుకొని తలకిందులైన గోపురంలా, లోపల బోలుగా తయారవుతుంది. గాలి అలలకు తొణికితే మునిగిపోయి అడుగున చేరుతుంది.

తరగతిలో చేయడానికి గోరువెచ్చని నీటిలో ఇక కరగనంతవరకు కల్లుప్పు కలిపి, పలుచని గుడ్డలో వడకట్టండి. వెడల్పాటి పళ్ళెంలో అర అంగుళం లోతున పోసి, గాలి తగలని ఎండలో పెడితే మధ్యాహ్నానికి గిన్నె పలుకులు తేలుతాయి. అదే నీటిని ఇంకో గ్లాసులో పోసి, పైన కాగితం కప్పి, చీకటి అల్మారాలో పది రోజులు కదపకుండా ఉంచితే అడుగున నిండు ఘనాలు కనిపిస్తాయి. మూడవ గ్లాసులో పటికను వేడినీటిలో చిక్కగా కరిగించి పెట్టండి. అది చల్లబడుతుండగానే, నీరు తగ్గకుండానే, ఎనిమిది ముఖాల పలుకులు దిగుతాయి. మూడూ పక్కపక్కన పెట్టి, ఏది నీరు పోవడం వల్ల దిగింది, ఏది చల్లబడడం వల్ల దిగింది అని పిల్లలనే చెప్పమనండి.